వాల్చి చూడని ఫిల్ము

పాండిచ్చేరి పట్నంలో ఆ జబ్బును మొట్టమొదట కనిపెట్టింది నేనే. డాక్టర్లకంటే రెండేళ్ళు ముందు. టీ అంగడి దగ్గర ఎవరైనా కొత్తవాళ్ళు దొరికితే ఇప్పటికీ ఈ మాటే అంటాను. పాతవాళ్ళు పక్కన ఉంటే కొంచెం తగ్గించి, మొట్టమొదట చూసింది నేనే అంటాను. ఈ రెండోది నిజం. చూసి ఏం చేశానన్నది మాత్రం టీ అంగడి దగ్గర ఎప్పుడూ చెప్పలేదు.

జబ్బు మా అక్కది. నాకంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ తొందరగా పోవడంతో నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. మిల్లులో నూలు చుట్టే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా నిలబడింది. మొగుడు పోయాక ఒక్క చేత్తో కొడుకును పెద్దచేసింది, పెళ్ళి చేసింది, కోడలు వచ్చిన ఏడు మిల్లు మానేసింది. ఒర్లియంపేటలో ఒకే సందులో ఇటు మా ఇల్లు, అటు వాళ్ళ ఇల్లు. వాళ్ళింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు.

డెబ్బైల చివర్లో, ఆమెకు యాభై నాలుగు దాటాక, ఆయాసం మొదలైంది. కొళాయి దగ్గర నుంచి బిందె తెస్తూ సందు మధ్యలో దించి, గోడకు చెయ్యి ఆనించి నిలబడేది. ఊపిరిని మా ఇళ్ళలో అరవంలో మూచ్చు అంటాం. "మూచ్చు చాలటం లా" అనేది. చూస్తే గట్టి మనిషి. జ్వరం లేదు, దగ్గు పెద్దగా లేదు, చిక్కిపోలేదు. కాసేపు నిలబడితే మళ్ళీ మామూలే. అదే ఆమె కొంప ముంచింది. పని చెప్పినప్పుడే అత్తకు మూచ్చు పోతుంది, సినిమాకు పోయేటప్పుడు పోదు అని కోడలు ఒకరోజు కొళాయి దగ్గర అంది. సందంతా ఆ మాట పట్టుకుంది. అక్క ఎదురైతే ఆడవాళ్ళు గుండెల మీద చెయ్యి పెట్టుకుని రొప్పుతున్నట్టు నటించి, ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్ళు.

అక్క ఎవరితోనూ పోట్లాడలేదు. నేరుగా నా దగ్గరకొచ్చింది.

"నువ్వు ఎక్స్‌రే అంగట్లో ఉండావు కదరా. నా ఎదలో ఏముందో ఫోటో తీసి చూపించు ఈళ్ళకి. దొంగేషాలు ఏస్తా ఉండానని అంటా ఉండారు."

మందు సంగతి తర్వాత, ముందు నలుగురూ తన మాట నమ్మాలి. ఆమె అడిగింది అదొక్కటే.

అప్పటికి నేను పట్నంలో పేరున్న ఎక్స్‌రే నిపుణుణ్ణి. అంటే, బజారులో ఒక ఎక్స్‌రే అంగడి ఉండేది, దాని యజమాని నిపుణుడు, నేను చీకటిగది మనిషిని. ఆయన ఫోటో తీసి రేకుపెట్టె నా చేతికిస్తే, ఎర్రదీపం వెలుగులో ఫిల్మును బయటికి తీసి, తొట్టిలో మందునీళ్ళలో ముంచి, కడిగి, క్లిప్పులకు తగిలించి ఆరబెట్టడం నా పని. కడిగిన ఫిల్ము మీద నీటిచుక్కలు నిలిచిపోతే, ఆరాక అక్కడ గుండ్రటి మచ్చలు పడతాయి, సన్నటి ఉంగరాల్లాగా. మా యజమాని కడలూరు మనిషి. నోరు విప్పి తిట్టేవాడు కాదు. మచ్చలు పడిన ఫిల్మును జనం కూర్చునే హాల్లో గోడకు మేకు కొట్టి తగిలించేవాడు. ఇదేందని ఎవరైనా అడిగితే చీకటిగది వైపు చెయ్యి చూపించి, లోపల ఒక చిత్రకారుడు ఉన్నాడు, ఆయన వేసింది అనేవాడు. వారం రోజులు అది అక్కడే వేలాడేది. ఆ నెలలో అప్పటికే నావి రెండు వేలాడుతున్నాయి.

యజమాని మధ్యాహ్నం భోజనానికి పోయినప్పుడు అక్కను రమ్మన్నాను. ఫోటో నేనే తీశాను. అంతకుముందు వందసార్లు తీసి ఉంటాను. వంద కాదు, రెండు. రెండుసార్లూ తీసింది నా చెయ్యినే. మూలన సీసపు ఇంగ్లీషు అక్షరాలతో ఆమె ఇంటిపేరు, పేరు మొదటి అక్షరాలూ, తేదీ పెట్టాను. ఊపిరి బిగబట్టమంటే పాపం నేను మీట వెతుక్కుని నొక్కేదాకా బిగబట్టింది. అయ్యాక బల్ల పట్టుకుని చాలాసేపు రొప్పింది. నాకు నవ్వొచ్చింది కూడా.

కడిగి ఆరబెట్టిన ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. ఊపిరితిత్తులు రెండిటి నిండా సన్నటి గీతల ఉంగరాలు. పైనా కిందా మధ్యలో, కొన్ని కందిగింజంత, కొన్ని బఠాణీ అంత, ఒకదాన్ని ఒకటి ఆనుకుని. గుండె ఝల్లుమంది. అక్కకేమైందో అని ఝల్లుమనలేదు. హాల్లో మూడో మేకు కనపడింది.

నీటిచుక్కలే అని తేల్చుకున్నాను. యజమాని తిరిగొచ్చేలోపు ఇంకో ఫిల్ము పెట్టి, ఈసారి కరెంటు బాగా పెంచి తీశాను. బాగా నల్లగా వస్తే చుక్కలు పడినా కనపడవని నా తెలివి. బొగ్గులా వచ్చింది. ఒక్క ఉంగరం లేదు. అంత నలుపులో సన్నటి గీతలన్నీ కాలిపోతాయని తెలిసేంత చదువు నాకు లేదు, శుభ్రంగా వచ్చిందని మురిసిపోయాను. మొదటిదాన్ని అక్కడ పారేస్తే చిక్కు. పాత ఫిల్ములను వాటిలోని వెండి తీసుకునేవాళ్ళకు అమ్మేముందు యజమాని ఒక్కొక్కటీ తిప్పి చూస్తాడు. చొక్కా లోపల దూర్చి ఇంటికి తెచ్చి బీరువా వెనక తోశాను.

నల్ల ఫిల్ము చూసి, మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు ఛాతీ బాగానే ఉందన్నాడు. దూది దుమ్ము పీల్చి ఉబ్బసం వచ్చి ఉంటుందని మాత్రలు రాశాడు. ఆ సంగతి నేనే కొళాయి దాకా మోసుకుపోయాను. మా అక్క ఎద అద్దంలా ఉంది, దిగులేం లేదు అని కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పాను. మంచి కబురే కదా అని. ఆ సాయంత్రంతో ఆమె పక్షాన మాట్లాడే నోరు లేకుండా పోయింది. ఫోటోలోనే ఏమీ లేదంట, ఇంకేంది అన్నారు. కోడలు మళ్ళీ బిందె చేతికిచ్చింది. నాలుగు రోజులకు అక్క మళ్ళీ సందు మధ్యలో బిందె దించి గోడ పట్టుకుంటే, ఎదురుగా వస్తున్న నేను, ఊరికే లేనిది పెంచుకోవద్దక్కా అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ వర్ణిస్తే మళ్ళీ ఏదో ఒకటి కలుపుతాను. వద్దు.

ఆ తర్వాతి ఏడు సూర్యగ్రహణం వచ్చింది. ఎక్స్‌రే అంగడి మనిషిని కాబట్టి సందులో నాకు గిరాకీ. అప్పట్లో అందరూ పాత ఫిల్ముల్లోంచే సూర్యుణ్ణి చూసేవాళ్ళు, కళ్ళు పాడవుతాయని చెప్పేవాళ్ళు లేరు. ఐదొందల మందికి చూపించాను ఆ రోజు. ముప్పై మంది ఉంటారు. ఇంట్లో వేరే ఫిల్ము లేక బీరువా వెనకదే తీశాను. చేయీ చేయీ మారి అది అక్క దగ్గరికి పోయింది. అరుగు మీద కూర్చుని చాలాసేపు పట్టుకుని చూసింది.

"ఏందిరా, దీన్నిండా గుండ్రాలు గుండ్రాలుగా ఉండాయి?"

నీటిచుక్కలక్కా, ఎండిపోయినవి అన్నాను. ఎవరిదని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. ఫిల్ము తిరిగి తీసుకున్న మా ఆవిడ మాత్రం మూలన ఉన్న అక్షరాల దగ్గర ఆగింది. ఆమెకు తెలుగు అక్షరం రాదు గానీ, రేషను కార్డుల పుణ్యమా అని మా రెండిళ్ళ ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుతుంది. నా ముఖం చూసి, తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టేసింది.

ఇంకో ఏడాది గడిచింది. ఒక పొద్దున వాకిట్లో ముగ్గేస్తూ అక్క ఎడమ పక్క పట్టుకుని ఒక్కసారిగా కూలబడింది. గడపలోంచి చూసిన కోడలు, ముగ్గు పూర్తి చేసి అప్పుడు పడిపో అత్తా అని లోపలికి పోయిందట. ఈ మాట నాకు చెప్పింది ఆ అమ్మాయే, తర్వాతెప్పుడో, ఏడుస్తూ. మా ఆవిడ కేక వేస్తే నేను పరిగెత్తుకొచ్చాను. అక్క పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆమెను భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా ఒకటే పరుగు. ఇది మా మనవలకు చెప్పే లెక్క. నిజానికి రిక్షాలో ఎక్కించి, వెనక సైకిలు తొక్కాను. రెండుసార్లు పడ్డాను కూడా.

ఆసుపత్రిలో ఎదజబ్బులు చూసే డాక్టరమ్మ యానాం నుంచి కొత్తగా వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. నేను తెలుగులో మాట్లాడేసరికి ఆమె ప్రాణం లేచొచ్చినట్టు, "మీరు మనవాళ్ళేనాండీ బాబాయిగారూ" అంది. తర్వాత మా తెలుగు వింటూ నవ్వు ఆపుకునేది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. ఫోటో తీయించి దీపపు పెట్టెకు తగిలించింది. అన్నేళ్ళుగా ఫిల్ములు కడిగినవాణ్ణి, అలాంటిది నా కళ్ళతో చూడలేదు. ఎడమ ఊపిరితిత్తి పిడికిలంత ముద్దయి మధ్యకు చేరి ఉంది. పక్కటెముకల లోపల మిగతాదంతా ఖాళీ. లోపల ఏదో పొక్కు పగిలి, గాలి బయటికి కారి, ఆ గాలే ఊపిరితిత్తిని నొక్కేసిందట. పక్కటెముకల మధ్య గొట్టం పెట్టి, రెండో కొసను మంచం కింద నీళ్ళసీసాలో ముంచారు. అక్క ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో బుడబుడమని బుడగలు. మనిషి ఎదలోంచి గాలి అలా నీళ్ళలోకి రావడం చూసి నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

వారం తిరక్కుండానే ఇంకొకటి. కుడిపక్కన నీరు చేరిందని సూది పెట్టి లాగారు. సిరంజిలోకి వచ్చింది తెల్లగా ఉంది. చీము అనుకుని నర్సమ్మ ముక్కు చిట్లించింది. వాసన లేదు. డాక్టరమ్మ దాన్ని గాజుగొట్టంలో పోసి కిటికీలో పెట్టించింది. మర్నాటికి పైన మీగడ కట్టింది. అక్కే దాన్ని అటూ ఇటూ చూసి అంది:

"యాభై ఏడేళ్ళ ముండమోపికి పాలు పడినాయంటరా. పోయి సందులో చెప్పు. దీన్నయినా నమ్ముతారేమో."

డాక్టరమ్మ ఆ రోజు నుంచి మూడు పూటలా మా మంచం దగ్గరే. తిండిలో నూనె, నెయ్యి లేకుండా ఒక రోజంతా గంజీ పండ్లూ పెట్టించి మళ్ళీ నీరు తీసింది. ఈసారి పాలు విరిగిన తేటలా పల్చగా వచ్చింది. తిన్న కొవ్వును మోసుకుపోయే సన్నటి నాళాలు ఉంటాయట ఒంట్లో. అవి ఎక్కడో మూసుకుపోయి ఎదలోకి కారుతున్నాయని చెప్పింది. తర్వాత అక్కను ఒంటరిగా కూర్చోబెట్టుకుని పాత సంగతులన్నీ అడిగింది. అప్పుడు బయటపడింది, గర్భసంచి తీసేసినప్పుడు ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయని ఎవరో డాక్టరు రాసిన మాత్రలను అక్క ఆ పాత చీటీతోనే కొనుక్కుని నాలుగేళ్ళుగా మింగుతోందని. బలం మాత్రలు అనుకుందట. డాక్టరమ్మ ఆ డబ్బా తీసుకుని తన సంచీలో వేసుకుంది. మళ్ళీ ఇవ్వలేదు.

నన్ను వరండాలోకి పిలిచింది. ఒక జబ్బు ఉంది బాబాయిగారూ, చాలా అరుదు, నేను పుస్తకంలో తప్ప చూడలేదు అంది. ఊపిరితిత్తుల్లో కండ లాంటి కణాలు మొలిచి, పల్చటి గోడల గాలిబుడగలు తయారవుతాయట. అవి పగిలితే గాలి, నాళాలు మూసుకుంటే పాలు. ఆడవాళ్ళకే వస్తుందట, అక్క మింగిన మాత్రల్లో ఉండే ఆడతనపు మందు దానికి ఎరువవుతుందని తన అనుమానమట.

"పిల్లల్ని కనే వయసు వాళ్ళకి వస్తుందని పుస్తకంలో ఉంటుందండి. పెద్దవాళ్ళకి రాదని ఎక్కడా లేదు. అయినా ఈ వయసులో ఆయాసం అనగానే అందరూ ఉబ్బసం అనేస్తారు, ఎవరూ వెతకరు. ఆవిడ పాత ఎక్స్‌రే ఏదైనా ఉందాండీ?"

అక్క వాళ్ళింటికి పోయి నల్ల ఫిల్ము తెచ్చిచ్చాను. ఆమె దాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు నిలబడింది. ముఖంలో వెలుగు తగ్గిపోయింది. ఈ జబ్బు నెమ్మదిగా, ఏళ్ళ తరబడి పెరిగేదట. రెండేళ్ళ కిందట ఛాతీ ఇంత బాగుంటే తను అనుకుంటున్నది తప్పేమో అంది. తేలాలంటే మద్రాసులో ఎద కోసి ముక్క తీసి చూడాలి. అంత ఆయాసం మనిషిని అనుమానం మీద కోతకు ఎలా పంపడం? పోనీ ముందు క్షయ మందులు వేసి చూద్దామా అని తనలో తను అనుకుంటోంది.

"ఇదొక్కటేనాండీ? ఇంకేదైనా ఉందా?"

"లేదండీ" అన్నాను.

ఈ ఒక్క మాట దగ్గర పెన్ను రెండు రోజులు ఆగింది. అప్పటికి ఆమె ఉంగరాల సంగతి చెప్పలేదు, బుడగలు అని మాత్రమే అంది, అందుకని నాకు తట్టలేదు అని రాసుకోవచ్చు. తట్టింది. బుడగలు అన్నప్పుడే బీరువా కళ్ళముందుకొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడ క్యారేజీతో వచ్చింది. అన్నం అక్క మంచం పక్కన పెట్టి, కొంగు కింద నుంచి ఫిల్ము తీసి, నా ఎదురుగానే డాక్టరమ్మ చేతిలో పెట్టింది. ఆమె ఎప్పుడూ డాక్టర్ల ముందు నోరెత్తి ఎరగదు.

"గ్రహణం నాడు దీంట్లోనించే సూర్యుణ్ణి చూసినామమ్మా. మూలన మా వదిన అక్షరాలు ఉండాయి. ఈయన దాచి పెట్టినాడు."

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. నేను ముందుకు దూకి, అవి నీటిచుక్కలండీ, ఆరబెట్టడంలో పడినవి, నా తప్పే అన్నాను. తప్పు ఒప్పుకోవడానికి అంత తొందరపడ్డది నా జన్మలో అదొక్కసారే. ఆమె నా మాట వింటూనే ఫిల్మును పక్కకు వాల్చింది. కిటికీ వెలుగు దాని మీద జారేలా, అరచేతిలో పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకుంది. నీటిచుక్క మచ్చ ఫిల్ము పైపొర మీద ఉంటుంది. వాల్చి చూస్తే మరక తేలి కనపడుతుంది. మనిషి లోపలిదైతే వాల్చినప్పుడు ఏమీ ఉండదు, ఫిల్ము నున్నగా మెరుస్తుంది. ఇది నున్నగా మెరిసింది.

"ఇవి చుక్కలు కావు బాబాయిగారూ" అంది.

ఆ వాల్చి చూడటం మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. యజమాని నాకు నేర్పాడు, నేను ప్రతి ఫిల్మునూ అలాగే చూస్తాను, అది చేతికి అలవాటైపోయిన పని. అక్క ఫిల్మును ఒక్కదాన్నే వాల్చలేదు. వాల్చడం మరిచిపోయానని ఈ కాగితం మీద మొదట రాసి కొట్టేశాను. మరిచిపోలేదు. మణికట్టు సగం తిరిగింది కూడా, నేనే ఆపేశాను. చుక్కలైతే మేకు. చుక్కలు కాకపోతే అక్కకు ఏదో ఉన్నట్టు. ఏదీ తెలియకపోతే బాగుంటుందని అనిపించింది. అంతే. ఆ సగం తిరిగిన మణికట్టు ఖరీదు రెండేళ్ళు, ఆమె ఎద.

డాక్టరమ్మ మద్రాసుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే తలెత్తకుండా, ఆవిడకి మీరే చెప్పాలండి, నేను చెప్పను అంది.

మద్రాసులో గోరంత ముక్క తీసి చూశారు. ఆమె అనుకున్న జబ్బే. పేరు లింఫాంజియోలియోమయోమాటోసిస్. అరగంటలో నేర్చేసుకుని ఒక్క ఊపిరిలో అనేవాణ్ణి. ఎక్కడ? ఇప్పుడు కూడా డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూసి దించాను. సగానికి వచ్చేసరికి నాలుక మడత పడుతుంది. మాన్పే మందు అప్పట్లో లేదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి అన్నారు. ఊపిరితిత్తి మళ్ళీ జారిపోకుండా ఏదో పొడి చల్లి ఎద లోపలి గోడకు అంటించారు. నెలకొక సూది, ఆ పాత మాత్రలకు విరుగుడు లాంటిది. పక్కలో హఠాత్తుగా పోటు వస్తే అప్పటికప్పుడు పరిగెత్తుకు రమ్మన్నారు. బరువులు బంద్. అన్నిటికంటే అక్కను ఏడిపించింది నూనె. నెయ్యి, నువ్వులనూనె, వేరుశెనగనూనె అన్నీ మానేసి కొబ్బరినూనె ఒక్కటే వాడమన్నారు. దాంట్లో కొవ్వు ఆ కారే నాళాల జోలికి ఎక్కువగా పోదట. మా ఇళ్ళలో కొబ్బరినూనె తలకు రాసుకునేది. దాంతో తాలింపు పెట్టిన చారు తింటూ, దువ్వెన కూడా ఇవ్వండి, జడేసుకుంటా తింటా అనేది. అలా తిట్టుకుంటూనే పన్నెండేళ్ళు బతికింది. ఏడేళ్ళు. పన్నెండు అని రాయాలని ఉంది.

మద్రాసు నుంచి వచ్చిన మూడో రోజు పొద్దున వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఆమెకు అంతా చెప్పాను. చుక్కలు, మేకు, రెండో ఫిల్ము, గ్రహణం, డాక్టరమ్మతో ఆడిన అబద్ధం. చెంప మీద కొడుతుందనుకున్నాను. కొట్టేంత మూచ్చు ఆమెకు లేదు. చేతిలో విసనకర్ర ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసుకుని, నేనెవరో కొత్తమనిషిని అయినట్టు నన్ను చూసింది. గ్రహణం నాడు తను చూసింది తన ఎదనేనా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. అప్పుడంది:

"నీకు బయమేసింది. సరే. నా ఎద అద్దంలా ఉండాదని ఎంతమందికి చెప్పినావు?"

"ఇద్దరు ముగ్గురికక్కా. గుర్తులేదు."

"నాకు గుర్తుండాది. ఒక్కొక్క ఇల్లూ గుర్తుండాది. రిక్షా పిలువు."

నేనొక్కణ్ణే పోయి చెప్పొస్తానన్నాను. నువ్వు ఒక్కడివే పోతే నన్ను కాపాడింది నువ్వేనని చెప్పొస్తావు, నాకు తెలీదా అంది. మద్రాసు వాళ్ళు పది అడుగులకు మించి నడవొద్దన్నారు కాబట్టి సందు మొదటి నుంచి చివరి దాకా రిక్షా. ఆమె ఎక్కి కూర్చుంది, నేను పక్కన నడిచాను. నలభై ఇళ్ళు తిరిగాం అని నేను చెబుతుంటాను. తొమ్మిది. తొమ్మిదే చాలా ఎక్కువ. ప్రతి గడప దగ్గరా నేను పట్నంలో ఎవరికీ రాని గొప్ప జబ్బు అంటూ మొదలుపెట్టేవాణ్ణి. ఆమె రిక్షాలోంచి గొంతు సవరించుకునేది. నేను గబగబా అసలు మాటకు వచ్చేవాణ్ణి. ఒకామె, అయ్యో పొరపాటే కదన్నా, ఎవరికైనా జరుగుతుంది అని నన్ను ఓదార్చబోయింది. అవునమ్మా పొరపాటే అనబోయాను. "కావాలనే చూడలేదని చెప్పరా" అంది వెనక నుంచి అక్క. చూడలేదని చెప్పాను. గుండెల మీద చెయ్యి పెట్టుకుని నటించిన ఆడవాళ్ళలో ఇద్దరు తలుపు తీసి, అక్కను చూసి, లోపలికి పోయి మళ్ళీ రాలేదు. వాళ్ళ గడప దగ్గర కూడా ఖాళీ వాకిలికి చెప్పించింది.

ఆఖరిది ఆమె సొంత ఇల్లే. కోడలు వంటింట్లో చేట పట్టుకుని నిలబడింది. అక్కడ మాత్రం అక్క దిగి, నా భుజం పట్టుకుని లోపలికొచ్చింది. నేను మొత్తం చెప్పాను. ఒక్క ముక్క పెంచలేదు. కోడలు నన్ను చూడలేదు, అత్తను కూడా చూడలేదు. చేటలో బియ్యం వైపు చూస్తూ, "ఆ పొద్దున ముగ్గు దగ్గర కూడా నిజమేనా చిన్నాయనా?" అని అడిగింది. ఆ పొద్దున కూడానమ్మా, అంతకు రెండేళ్ళ ముందు నుంచీ కూడా అన్నాను. ఆ అమ్మాయి ముఖం చూడలేక తల తిప్పుకున్నాను.

అక్క ఏదో అనడానికి నోరు తెరిచింది. మాట రాలేదు. తలుపు రెక్క పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి ఆగమన్నట్టు మాకు చూపించింది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. కోడలు చేట కింద పెట్టేసింది. పొయ్యి మీద ఎసరు పొంగి నిప్పుల మీద పడుతున్నా అటు పోలేదు. మా ఇద్దరి కళ్ళూ ఆమె ఎద మీదే. అది ఎప్పటికి నెమ్మదిస్తుందా అని, ఎంతసేపో, అలాగే నిలబడ్డాం.